ఎడమ చెవికి ఎంత?

మా అక్క కొడుకు హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. చదువుతున్నాడని మా అక్క నమ్మకం. మొన్న ఆదివారం వాళ్లింటికి పోతే, నోటి మీద వేలు పెట్టుకుని "మెల్లగ మాట్లాడు, లోపల బొమ్మల చరిత్ర చదువుతుండు" అన్నది. లోపలి నుంచి తుపాకుల మోత వినిపిస్తున్నది.

"గిది మామూలు గేమ్ కాదు మామా, ఆర్ట్ గేమ్. వాన్ గో లైఫ్ స్టోరీ" అన్నాడు వాడు.

చూశాను. పాతకాలపు డచ్ చిత్రకారుడు వాన్ గోనే: ఎర్ర గడ్డం, గడ్డి టోపీ, రెండు చేతుల్లో రెండు తుపాకులు. గోధుమ చేలోంచి కాకులు మూకుమ్మడిగా మీద పడుతుంటే టపటపా కూలుస్తున్నాడు. తూటాలు అయిపోతే పొద్దుతిరుగుడు పువ్వులు విసురుతాడు, అవి బాంబులు. ప్రాణం తగ్గితే కత్తి తీసి చెవి కోసుకుంటాడు. చెవికి 200 పాయింట్లు. చెవి కోసిన మేకలా అరుస్తూ పది సెకన్ల పాటు ఎవరికీ దొరకడు. ఆ తర్వాత చెవి మళ్లీ మొలుస్తుంది, మళ్లీ కోసుకోవచ్చు. నా కళ్ల ముందే మావాడు పద్నాలుగు చెవులు కోశాడు.

చెవిలో పువ్వులు పెట్టేవాళ్లను చాలామందిని చూశాం. పొద్దుతిరుగుడు పువ్వు పెట్టడం మాత్రం ఇదే మొదలు.

నాకున్న అభ్యంతరం చిన్నది. గేమ్‌లో కోసుకునేది కుడి చెవి. ఆయన కోసుకున్నది ఎడమది, 1888 డిసెంబర్ 23 రాత్రి, ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో, తోటి చిత్రకారుడు గోగాన్‌తో గొడవపడ్డాక. అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తానే వేసుకున్నాడు కాబట్టి పటంలో కట్టు కుడివైపు కనిపిస్తుంది. ఈ ముక్క మేనల్లుడి చెవిన వేశాను. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. రెండు చెవులూ ఉన్నవాళ్లకు ఆ సౌకర్యం ఉంటుంది.

తర్వాతి లెవెల్ పిచ్చాసుపత్రి. అక్కడ డాక్టర్లందరూ విలన్లే, కనబడినవాణ్ని కనబడినట్టు కాల్చాలి. 1889 మేలో సెయింట్ రెమీ ఆసుపత్రికి ఆయన తనంతట తానే వెళ్లి చేరాడురా నాయనా! ఆ చుక్కల రాత్రి పటం వేసింది అక్కడ ఉండగానే. ఆయన కథలో తుపాకీ పేలింది ఒకే ఒక్కసారి, 1890 జూలైలో. అది ఆయన ఛాతీలోనే దిగింది. రెండు రోజులకు, తమ్ముడు థియో పక్కన కూర్చుని ఉండగా, 37 ఏళ్లకే పోయాడు. ఏళ్ల తరబడి రంగులకూ తిండికీ డబ్బు పంపింది ఆ తమ్ముడే. ఆరు నెలలకు తనూ పోయాడు. గేమ్‌లో తమ్ముడు లేడు. తమ్ముడికి రాసిన వందల ఉత్తరాలు లేవు. ఆయన బొమ్మలో దీపం కింద బంగాళాదుంపలు తినే ఆ రైతు కుటుంబం లేదు. గంటసేపు చూశాను, ఆ మనిషి ఒక్కసారి కూడా కుంచె పట్టలేదు. ఒక మనిషి రోగం మీకు నొక్కే బటనా? సిగ్గుండాలి.

సరే, మనమే ఒక గేమ్ చేద్దాం. హీరో చేర్యాల నకాషీ, అంటే గుడ్డ మీద పురాణ కథలు గీసే చిత్రకారుడు. (చేర్యాల మా వరంగల్ జిల్లాదే. 2016లో జిల్లాలు విడగొట్టి సిద్దిపేటలో కలిపారు. ఆ యుద్ధం ఇంకో గేమ్.) మొదటి లెవెల్‌లో చింతగింజలు నానబెట్టాలి. అవి నానేదాకా ఆడేవాడు కూర్చోవాలి, రాత్రంతా. స్కిప్ బటన్ ఉండదు. తెల్లారి రుబ్బాలి, ఉడికించాలి, సుద్ద కలిపి గుడ్డకు పూయాలి, ఆరబెట్టాలి, మళ్లీ పూయాలి. వానొస్తే ఆట మొదటికి. ఉడుత వెంట్రుకల కుంచెతో, ఎర్రటి నేపథ్యం మీద, కథ చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపే పురాణమంతా గీయాలి. ఇన్ని దాటి వస్తే ఆఖరి విలన్ ఎగ్జిబిషన్ స్టాల్ ముందు నిలబడి ఉంటాడు. చేతిలో ఆయుధం ఉండదు. నకాషీ రంపపు పొట్టుతో చేసిన మాస్క్‌ను అటూ ఇటూ తిప్పి చూసి "నూటయాభైకిస్తవా?" అంటాడు. హీరో ప్రాణం సగం పోతుంది. "రంపపు పొట్టే కదా!" అంటాడు. మిగతా సగం పోతుంది.

ఆ విలన్ మా బావే. నిరుడు నా ముందే మూడు వందల మాస్క్‌ను నూటయాభైకి అడిగి, ఇయ్యనంటే చేతులు దులుపుకుని వచ్చాడు. ఆయన కొడుకేమో గేమ్‌లో హీరో తలకు నెత్తుటి కట్టు కోసం 799 రూపాయలు కట్టాడు.

"అయిపోయిందా గేమ్?" అని అడిగాను.

"ఏడయితది మామా, ఎడమ చెవి లాకున్నది. 299 అట."

అక్క నావైపు చూసింది. "చదువుకే కదరా, ఇయ్యరాదూ" అన్నది.

ఫోన్‌పే చేశాను.