బుష్‌ను అద్దంలా తోమకండి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. ఈసారి పంపింది మా బావ. "మెకానిక్‌కు డబ్బులెందుకు తగలేస్తారు" అని మొదలై, ఫ్యాన్ బుష్‌ను, అంటే తిరిగే ఇరుసును (షాఫ్ట్‌ను) పట్టి ఉంచే చిన్న కంచు గొట్టాన్ని, లోపల ఎమరీ పేపర్‌తో అద్దంలా తోమండి, షాఫ్ట్‌నూ తోమండి, గ్రీజు కూరండి, కొబ్బరినూనె వేసినా చాలు, బైక్ క్లచ్ ప్లేట్లను గరుకు చెయ్యండి, కారు ఆయిల్ పోస్తే మైలేజీ పెరుగుతుంది అని వరసగా చిట్కాలు. విశాఖపట్నం కంచరపాలెంలో పదిహేనేళ్లుగా మోటార్లు బాగుచేస్తున్నాను. ఇది చదివి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున్న మీ ఇంట్లో సీసా ఎలా ఉంటుందో బుష్‌లోనూ అంతే. గ్రీజు బుష్ లోపలి సన్నటి రంధ్రాల మూతులు పూడుస్తుంది. రెండూ వద్దు.

అసలు నష్టం ఎమరీతో. టేబుల్ ఫ్యాన్‌లో ఉండే ఆ కంచు బుష్ పోతపోసింది కాదు. రాగి, తగరం పొడిని అచ్చులో నొక్కి, పూర్తిగా కరగనివ్వకుండా కాల్చి చేస్తారు. అందులో సుమారు అయిదో వంతు ఖాళీయే, ఆ ఖాళీ నిండా నూనె. షాఫ్ట్ తిరిగి వేడెక్కితే నూనె పైకి ఊరుతుంది, ఆగి చల్లారితే బుష్ దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. గరుకు వేరు, రంధ్రం వేరు! ఈ తేడా తెలియనివాళ్లే ఆ మెసేజ్ రాశారు. ఎమరీ పట్టిస్తే మెత్తటి కంచు సాగి రంధ్రాల మీద పరుచుకుంటుంది, ఎమరీ రజను కంచులో దిగబడి షాఫ్ట్‌ను కోస్తుంది. బుష్ బిగుతుగా ఉంటే మేం రంధ్రాన్ని చెక్కి పెద్దది చేసే రీమర్ కూడా పెట్టం, నున్నటి పిన్ను నొక్కి సైజుకు తెస్తాం.

మొన్న ఒకాయన ఇలాగే తోమిన ఫ్యాన్ తెచ్చారు. ఆయన ముందే కొత్త బుష్‌లో ఒక చుక్క నూనె వేశాను, చూస్తుండగానే లోపలికి ఇంకింది. ఆయన బుష్‌లో వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా నిలబడిపోయింది. లోపల అద్దంలా మెరుస్తోంది, షాఫ్ట్ మీద మాత్రం గోరు తగిలేంత గీతలు.

షాఫ్ట్ నున్నగా ఉండాలన్న మాట మాత్రం నిజం, ఒప్పుకుంటాను. రంధ్రాలు లేని మామూలు బుష్‌లో నూనె ఒత్తిడే షాఫ్ట్‌ను ఎత్తి పట్టుకుంటుంది. ఇక్కడ ఆ ఒత్తిడి కొంత రంధ్రాల్లోకి జారిపోతుంది కాబట్టి నూనె పొర ఇంకా పలచన. ఆ పొర రెండు వైపుల గరుకూ కలిపిన దానికి మూడు రెట్లన్నా ఉంటే లోహం లోహాన్ని తాకదు, గరుకుతో సమానానికి దిగితే రాపిడే. అందుకే షాఫ్ట్ గరుకు సగటున అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండు వేలో వంతు) లోపు ఉండాలంటారు. మన సముద్రపు గాలికి తుప్పు పట్టిన షాఫ్ట్‌ను అలాగే ఉంచి కొత్త బుష్ ఒక్కటే వేసి పంపిన రోజులు నాకూ ఉన్నాయి. అది నా తప్పే.

ఇక క్లచ్. మన బైకుల్లో ఎక్కువ వాటికి అది ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది. కాగితంలాంటి పీచుతో చేసిన ఆ ప్లేటుకూ రంధ్రాలున్నాయి. లివర్ వదలగానే మధ్యలోని ఆయిల్ వాటిలోకి, ప్లేటు మీది గాడుల్లోకి తప్పుకుంటేనే పట్టు దొరికేది. మాడి నున్నబడ్డ ప్లేటును రుద్దితే కొన్నాళ్లు పట్టు రావచ్చు, కాదనను. కానీ మాడిన రంధ్రాలు తెరుచుకోవు, ప్లేటు మందం మాత్రం తగ్గుతుంది. దాని మీద రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ కూడా పోస్తే, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. వెనక సీట్లో పిల్లలుంటే ఏం చేస్తారు? ఆ మెసేజ్ రాసినవాళ్లు వచ్చి బండి పట్టుకుంటారా? డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బైకులకు సరిపడే ఆయిల్ అని చెప్పే జపాన్ ప్రమాణం) అని ఉందో లేదో చూసి కొనండి.

బావా, ఆ మెసేజ్ ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ఇది ఈరోజే పంపు. ఇప్పటికే బుష్ తోమేసినవాళ్లుంటే కొత్తది వేయించుకోమను.