వేదిక లేని బ్లాగుకు వేదిక కట్టిన వైనం

అంతర్జాలంలో రాసుకునేవారికి సంపాదకుడు లేడు, సభాధ్యక్షుడు లేడు, ముఖ్య అతిథి అసలే లేడు. 1999లో ఎవరైనా బ్లాగు తెరుచుకోగలిగే బ్లాగర్ సేవ మొదలైనప్పటి నుంచీ ఈ లోటు అలాగే ఉండిపోయింది. ఎవరి టపా, అంటే బ్లాగు రాత, వారు రాసుకొని, ఎవరి అనుమతీ అడగకుండా లోకం మీదికి వదిలే ఈ అరాచకాన్ని సరిదిద్దడానికే బ్లాగు, సామాజిక మాధ్యమాల సమ్మేళనాలు పుట్టాయని నా దృఢ విశ్వాసం. అటువంటి సమ్మేళనం ఒకదానికి కార్యవర్గ సభ్యుడిగా పనిచేసినవాణ్ని కనుక, ఇకపై ఆ భారం తలకెత్తుకోబోయేవారి మేలు కోరి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పూర్వులు చేసిన పొరపాట్లను ముందుగా తెలుసుకోవాలి. 2005లో అమెరికాలోని పాలో ఆల్టోలో కొందరు బార్‌క్యాంప్ పేరుతో సమావేశమై, వచ్చినవారంతా ఏదో ఒకటి చెప్పాలని, ఊరికే కూర్చొని చూసేవారు ఉండరాదని, ఎవరు ఏ గదిలో ఏం మాట్లాడతారో ఆ రోజే బోర్డు మీద రాసుకోవాలని నియమం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది చెన్నైలో జరిగిన బ్లాగ్‌క్యాంప్ కూడా ఆ పోకడనే పోయింది. మన హైదరాబాదులో అయితే మరీ ఘోరం. తెలుగు బ్లాగర్లు నెలకొక ఆదివారం యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో కలుసుకొని, కంప్యూటర్లో తెలుగు సరిగా కనిపించాలంటే ఏం చేయాలో, తెలుగు టైపు చేసే లేఖిని అనే ఉపకరణంలో ఎలా టైపు చేయాలో, తెలుగు వికీపీడియాలో వ్యాసం ఎలా మొదలుపెట్టాలో ఒకరికొకరు చెప్పుకొని ఇళ్లకు వెళ్లిపోయేవారు. ఒక శాలువా లేదు, ఒక జ్ఞాపిక లేదు. పార్కులో జ్యోతి ప్రజ్వలన చేస్తే గాలికి ఆరిపోతుంది కనుక ఆ ముచ్చటా లేదు.

ఈ అపచారం మళ్లీ జరగకూడదని మేము మొట్టమొదట హాలు మాట్లాడాము. రెండవ తీర్మానం వేదిక మీద ఎన్ని కుర్చీలు వేయాలన్నది. ముఖ్య అతిథికీ విశిష్ట అతిథికీ, గౌరవ అతిథికీ ఆత్మీయ అతిథికీ మధ్య గల తేడాలు తేల్చడానికే రెండు సమావేశాలు పట్టాయి. విరాళం ఇచ్చినవారు ఆత్మీయ అతిథి అని, ఇస్తానన్నవారు గౌరవ అతిథి అని, పిలవకపోతే ఏడాది పాటు మాట్లాడనివారు విశిష్ట అతిథి అని చివరికి ఏకాభిప్రాయం కుదిరింది. పద్నాలుగు కుర్చీలు పట్టాయి. ఆ పద్నాలుగు మందిలో బ్లాగు ఉన్నవారు ఒక్కరూ లేరన్న విమర్శ వచ్చింది కానీ, బ్లాగు లేనివారే బ్లాగుల గురించి నిష్పాక్షికంగా మాట్లాడగలరన్న సంగతి విమర్శకులకు తట్టలేదు. ముఖ్య అతిథిగారు ముందురోజు రాత్రి ఫోన్ చేసి, “బ్లాగంటే మన ఫేస్‌బుక్కే గదండీ?” అని అడిగి ధ్రువపరచుకున్నారు. ఆయన కేటాయించుకున్న నలభై నిమిషాలలో ఆ అభిప్రాయం నుంచి అణుమాత్రం చలించలేదు.

ఫ్లెక్సీ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మేము పంపిన వాక్యాలు యూనికోడ్ తెలుగులో, అంటే అంతర్జాలంలో అందరూ వాడే అక్షర పద్ధతిలో ఉన్నాయి. ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణంలో నడిచేవి ‘అను’ అనే వేరే పద్ధతి ఫాంట్లు. ఈ రెండింటికీ ఉప్పూ నిప్పూ. మా అక్షరాలను అక్కడ అతికించగానే ఒత్తులు తమ హల్లులను విడిచి దేశాలు పట్టి పోయాయి. ఆపరేటర్ మా వంక జాలిగా చూసి, “ఇట్లా కాదు సార్, కాగితం మీద రాసియ్యండి, నేను మళ్లీ కొట్టుకుంటా” అన్నాడు. అందువల్ల డిజిటల్ యుగంలో తెలుగు భవితను చర్చించే మహాసభ పేరును మా కార్యదర్శి పాత కరెంటు బిల్లు వెనక బాల్‌పెన్నుతో రాసి ఇవ్వవలసి వచ్చింది. తయారైన ఫ్లెక్సీలో ‘బ్లాగర్ల’ కాస్తా ‘బాగర్ల’ అయింది. ఎవరూ గమనించలేదు. ఎవరి ఫొటో ఎంత సైజులో పడిందన్నదే అందరి ధ్యాసా.

అజ్ఞాతల సమస్య మరొకటి. తెలుగు బ్లాగులను ఇన్నేళ్లు కాపాడింది, కంగారు పెట్టింది కూడా పేరు చెప్పకుండా వ్యాఖ్యలు రాసే అజ్ఞాతలే. వారిని విస్మరించడం కృతఘ్నత అవుతుందని వారికొక సన్మానం తలపెట్టాము. అయితే నమోదు పట్టికలో పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు తప్పనిసరి చేశాము. ‘అజ్ఞాత’ అని రాసిన బ్యాడ్జీలు పాతిక తయారు చేయించి బల్ల మీద పెడితే, సాయంత్రం దాకా ఒక్కటీ కదలలేదు.

అసలు విషయం మీద కూడా ఒక ప్రసంగం పెట్టామని మనవి చేస్తున్నాను. పొరుగు జిల్లా నుంచి రాత్రి బస్సులో వచ్చిన ఒక బ్లాగరికి భోజనాలకు ముందు ఇరవై నిమిషాలు ఇచ్చాము, సమయాభావం వల్ల అవి తొమ్మిదయ్యాయి. 2013 జులైలో, నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ మూతపడితే చదివేవారు ఎలా చెదిరిపోయారో, మరుసటి ఏడాది ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమం మూతపడినప్పుడు అక్కడి కబుర్లన్నీ ఏమయ్యాయో, 2019లో గూగుల్ వారి సామాజిక మాధ్యమం గూగుల్ ప్లస్ కూడా ఎలా అదే దారి పట్టిందో ఆయన చెబుతున్నాడు. తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చే కూడలి వంటి చోట అందరి టపాలూ ఒకే వరుసలో కనిపించేవని, ఫేస్‌బుక్‌లో మాత్రం మన రాత ఎవరికి చూపాలో, ఎవరికి దాచాలో ఆ కంపెనీ లెక్కే తేలుస్తుందని కూడా అన్నాడు. కుర్రవాడు వేగంగానే చెప్పాడు, నేను వేదిక వెనక శాలువాలు లెక్కపెట్టుకుంటూ విన్నాను. పరాయి స్థలంలో రాసేవారు తమ రాతల ప్రతి ఒకటి తమ దగ్గర ఉంచుకోవాలని, అది ఎలా దించుకోవాలో ఇప్పుడే తెర మీద చూపిస్తానని ఆయన అన్నంతలో, పులిహోర చల్లారిపోతోందని మైకులో ప్రకటించాము. తెర మీద అప్పటికి ప్రొజెక్టర్ కంపెనీ గుర్తు తప్ప ఇంకేమీ రాలేదు కనుక పెద్దగా నష్టం లేదు.

వందన సమర్పణ యాభై నిమిషాలు సాగింది. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో మూడు వందలకు పైగా ఫొటోలు పడ్డాయి. మహాసభ గురించి రెండు వాక్యాలైనా రాసినవారు ఎవరైనా ఉన్నారా అని వారం రోజులు వెతికాము. ఒకే ఒక్క టపా దొరికింది. సభ ఏ నిమిషానికి మొదలైందో, ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఫ్లెక్సీలో ఏ అక్షరం తప్పు పడిందో, పులిహోరలో ఉప్పు ఎక్కడ ఎక్కువైందో పొల్లుపోకుండా రాసి, చివర ఆ కుర్రవాడు చూపించలేకపోయిన పద్ధతిని అంచెలంచెలుగా వివరించి, కింద ‘అజ్ఞాత’ అని ముగించారు. ఇంత శ్రద్ధగా సభను విన్నవారు మరొకరు లేరని గుర్తించి, వచ్చే ఏటి సమ్మేళనానికి వారినే ముఖ్య అతిథిగా పిలవాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆహ్వాన పత్రం అచ్చయి, పసుపు రాసి సిద్ధంగా ఉంది. ఏ చిరునామాకు పంపాలో తెలియక ప్రస్తుతం సంఘం బీరువాలో, మిగిలిపోయిన బ్యాడ్జీల పక్కన పెట్టాము.