పట్టు వదలొద్దు అనే సలహా బాక్సింగ్‌లో సగమే పనికొస్తుంది

మనవాళ్ళు ఎవరైనా మారథాన్‌కి ప్రాక్టీస్ చేస్తున్నానంటే భుజం తడతాం. అదే మనిషి అమెచ్యూర్ బాక్సింగ్ మ్యాచ్‌కి తయారవుతున్నానంటే ముందు నవ్వుతాం, తర్వాత "ఈ వయసులో ముక్కు పగలగొట్టుకోవడం అవసరమా" అంటాం, ఇంకో నెలకి కూడా మానలేదని తెలిశాక "పట్టు వదలకు" అని ఓ ఫార్వర్డ్ మెసేజ్ పంపిస్తాం. నవ్వితే నవ్వారు, ముక్కు గురించి అడిగితే అడిగారు, వాటితో నాకు గొడవేమీ లేదు. నా పేచీ అంతా ఆ ఫార్వర్డ్ మెసేజ్‌తోనే.

ఉద్యోగం, పిల్లల చదువులు, నిద్ర చాలని రాత్రులు, వీటన్నిటి మధ్యలో సందు చేసుకుని పెద్ద వయసులో మొదటిసారి గ్లవ్స్ వేసుకున్నవాళ్ళతో కలిసి చాలాకాలంగా ట్రైనింగ్ చేస్తున్నాను. మధ్యలో మానేసినవాళ్ళను చూశాను, మానేయాల్సిన రోజు మానకుండా పాడైనవాళ్ళనూ చూశాను. ఈ రెండో రకం గురించి ఎవరూ మాట్లాడరు. బాక్సింగ్‌లో కొన్ని ఆటంకాలకి మొండితనం కావాలి, కొన్నిటికి ఓపిక కావాలి, కొన్ని వచ్చినప్పుడు నోరు మూసుకుని ఇంటికెళ్ళి పడుకోవాలి. ఏది ఏదో తెలియనివాడికి ఎంత మోటివేషన్ ఎక్కిస్తే అంత ప్రమాదం.

ముందు స్పారింగ్, అంటే జిమ్‌లో ఎదుటి మనిషితో చేసే ప్రాక్టీస్ పోరు, ఆ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది మనసు విరిగేది అక్కడే. బ్యాగ్ మీద బ్రహ్మాండంగా కొడతారు, కోచ్ ప్యాడ్స్ పట్టుకుంటే చప్పుడు జిమ్ అంతా వినిపిస్తుంది, తీరా ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టగానే నేర్చుకున్నదంతా ఎటో వెళ్ళిపోతుంది. రెండో రౌండ్‌కే చేతులు పైకి లేవవు. ఇంటికొచ్చి "నాకు స్టామినా లేదు" అనుకుని మర్నాటి నుంచి ఇంకో గంట పరుగెత్తడం మొదలుపెడతారు. చాలాసార్లు లోపం ఊపిరితిత్తుల్లో ఉండదు, టెన్షన్‌లో ఉంటుంది. భయానికి ఊపిరి బిగబడతారు, భుజాలు చెవుల దాకా లేస్తాయి, మొదటి అరనిమిషంలోనే ఉన్న బలమంతా ఖర్చు పెట్టేస్తారు. కండరం బిగుసుకుని ఉంటే కొట్టకపోయినా అలసిపోతుంది. అందుకే ప్రతి పంచ్‌కీ గాలి బయటికి వదలమని, దూరంగా ఉన్నప్పుడు భుజాలు వదులు చేయమని కోచ్‌లు గొంతు పోయేలా అరుస్తుంటారు. ఈ ఒక్కటీ సరిచేసుకోవడానికి నెలలు పట్టొచ్చు, కానీ సరయ్యాక అదే మనిషి, అదే పరుగు, మూడో రౌండ్ చివర కూడా నిలబడగలడు.

ఇంకోటి కూడా ఉంది. జిమ్‌లో మీతో స్పారింగ్ చేసేవాళ్ళు కూడా మీతో పాటే నేర్చుకుంటున్నారు. మీరు ఎడమచేతి జాబ్ (ముందున్న చేత్తో తిన్నగా వేసే పంచ్) మెరుగుపరుచుకునే లోపల వాళ్ళు దాన్ని తప్పించుకోవడం నేర్చేసుకుంటారు. దాంతో ఎన్ని వారాలు గడిచినా ఉన్నచోటే ఉన్నామనిపిస్తుంది. ఒకరోజు ఎవరో కొత్తవాళ్ళు వచ్చి మీ ఎదురుగా నిలబడినప్పుడు గానీ మీరు ఎంత దూరం వచ్చారో తెలియదు. పైగా కోచ్ పాత అలవాటు ఒకటి మాన్పించడం మొదలుపెడితే, ఉదాహరణకి గడ్డం దించమనో, కుడిచెయ్యి చెంప దగ్గరే ఉంచమనో అంటే, కొన్నాళ్ళు ఆట నిజంగానే దిగజారుతుంది. పాతది పోయింది, కొత్తది ఇంకా ఒంటబట్టలేదు. ఆ మధ్యకాలంలో మానేసినవాళ్ళను చూస్తే నాకు అయ్యో అనిపిస్తుంది, ఎందుకంటే అదే వాళ్ళు నిజంగా నేర్చుకుంటున్న సమయం. మొండితనం అంటూ వాడాలంటే ఇక్కడ వాడాలి, కళ్ళు మూసుకుని వాడాలి. స్పారింగ్‌కి వెళ్ళే ముందు "ఇవాళ గెలవాలి" అనుకోవడం మానేసి ఒకే ఒక్క పని పెట్టుకోండి: జాబ్ వేశాక చెయ్యి వెంటనే వెనక్కి రావాలి, లేదా దెబ్బ తిన్నాక తిన్నగా వెనక్కి పోకుండా పక్కకి అడుగు వేయాలి, ఏదో ఒకటి. మిగతా మూడు నిమిషాలు మిమ్మల్ని చితకబాదినా ఆ ఒక్క పనీ జరిగిందా లేదా అన్నదే లెక్క. (చితకబాదడం అంటే మాటవరసకే అన్నాను. ప్రతి స్పారింగ్‌నూ టైటిల్ ఫైట్ అనుకునే పార్ట్‌నర్ దొరికితే కోచ్‌కి చెప్పి మార్పించుకోండి, మొహమాటపడొద్దు.)

ఇక గాయాలు. మణికట్టు బెణకడం, పిడికిలి కీళ్ళు వాయడం, స్కిప్పింగ్ వల్ల, పరుగు వల్ల మోకాళ్ళ కింద ముందు ఎముక వెంట నొప్పి రావడం, భుజం పట్టేయడం మామూలే. ఇవి వచ్చినప్పుడు రెండు రకాల మూర్ఖత్వాలు చూస్తాం. ఒకరు అదే చేత్తో కొడుతూనే ఉంటారు. ఇంకొకరు చెయ్యి బాగయ్యేదాకా జిమ్ గుమ్మం తొక్కరు, ఆ తర్వాత ఎలాగూ రారు. కుడిచెయ్యి కట్టులో ఉంటే పాదాల కదలిక, ఎడమచేతి జాబ్ మీద పని చేయొచ్చు, డాక్టర్ సరేనంటేనే సుమా. కాలు నొప్పయితే కూర్చుని మిగతావాళ్ళ స్పారింగ్ చూసినా ఎంతో కొంత తలకెక్కుతుంది. నా లెక్కలో అసలు విషయం వెళ్ళే అలవాటు తెగకుండా చూసుకోవడం. చేసే పని సగమైనా ఫర్వాలేదు, వెళ్ళే రోజులు మాత్రం మారకూడదు.

నిఖత్ జరీన్ కథను మనం ఎలా చెప్పుకుంటామో చూడండి. 2011లో జూనియర్ ప్రపంచ విజేత, 2022లో ఇస్తాంబుల్‌లో సీనియర్ ప్రపంచ విజేత, 2023లో మళ్ళీ. సభల్లో, వేదికల మీద ఈ మూడూ గర్వంగా చెప్తాం, "చూశారా పట్టుదల" అంటాం. మధ్యలో 2017లో భుజానికి పెద్ద గాయమై, సర్జరీ జరిగి, చాలాకాలం పోటీలకి దూరంగా ఉండాల్సి వచ్చిన సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తాం. 2019 డిసెంబర్‌లో ఒలింపిక్ క్వాలిఫయర్స్ కోసం పెట్టిన ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడిపోవడం కూడా అంతే. పారిస్ ఒలింపిక్స్‌కి ప్రపంచ విజేత హోదాలో వెళ్ళి ప్రీక్వార్టర్స్‌లోనే వెనుదిరగడం గురించి అయితే అసలు మాట్లాడనే మాట్లాడం. నన్నడిగితే కొత్తగా బాక్సింగ్ నేర్చుకునేవాళ్ళకి పతకాల కంటే ఆ ఖాళీ నెలలే ఎక్కువ పనికొస్తాయి. అంత పెద్ద క్రీడాకారిణే భుజం మానేదాకా ఆగాల్సి వచ్చినప్పుడు, వారానికి మూడు సాయంత్రాలు వచ్చే మనకి ఆగడం అవమానం ఎలా అవుతుంది?

తల విషయంలో అయితే చర్చే లేదు. దెబ్బ తగిలాక తలనొప్పి తగ్గకపోతే, వెలుతురు చూడలేకపోతే, వాంతి వచ్చేలా ఉంటే, మాట మర్చిపోతుంటే, స్పారింగ్ ఆగిపోవాలి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. స్పృహ తప్పడం దాకా రానక్కర్లేదు, స్పృహ తప్పకుండానే కంకషన్ (దెబ్బ వల్ల మెదడు అదరడం) కావచ్చు. నాకౌట్ అయిన బాక్సర్‌ని వెంటనే మళ్ళీ రింగ్‌లోకి దిగనివ్వకుండా అమెచ్యూర్ నిబంధనల్లో తప్పనిసరి విరామం పెట్టింది ఊరికే కాదు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండోది తగిలితే ప్రాణం మీదకి రావచ్చు. ఇలాంటప్పుడు "పట్టు వదలకు" అనే స్నేహితుడు శత్రువుతో సమానం. మ్యాచ్ దగ్గరపడింది కదా అని కోచ్‌కి చెప్పకుండా దాచేవాళ్ళు ఉన్నారు, మంచి చదువులు చదువుకున్నవాళ్ళే.

బరువు గురించి కాస్త. ప్రొఫెషనల్ బాక్సర్లు నీళ్ళు మానేసి, ఆవిరి గదుల్లో కూర్చుని బరువు తగ్గడం వీడియోల్లో చూసి మనవాళ్ళు కూడా ప్రయత్నిస్తారు. ప్రొఫెషనల్స్‌కి బరువు చూసేది సాధారణంగా ముందురోజు, కోలుకోవడానికి టైమ్ ఉంటుంది. అమెచ్యూర్‌లో మామూలుగా పోటీ రోజు ఉదయమే తూస్తారు, సాయంత్రానికి రింగ్‌లో ఉంటారు. ఒళ్ళు ఎండబెట్టుకుని వెళ్తే కాళ్ళు కదలవు, దెబ్బలకి తట్టుకునే శక్తీ తగ్గుతుంది. పై బరువు విభాగంలో ఆడండి. ఇందులో పరువు పోయేదేమీ లేదు.

అన్నిటికంటే విచిత్రమైన ఎదురుదెబ్బ మ్యాచ్ రద్దు కావడం. ఇది బయటివాళ్ళకి అర్థం కాదు. కొత్తవాళ్ళకి జోడీ కుదర్చడమే కష్టం: బరువు కలవాలి, వయసు కలవాలి, అంతకుముందు ఆడిన మ్యాచ్‌ల సంఖ్య దగ్గర దగ్గరగా ఉండాలి. ఎదుటివాడికి జలుబు చేయొచ్చు, బరువు ఎక్కువ రావచ్చు, మెడికల్ చెకప్‌లో బీపీ ఎక్కువుందని ఆపేయొచ్చు, మనసు మారొచ్చు. నెలల తరబడి చేసిందంతా ఒక ఫోన్ కాల్‌తో గాల్లో కలిసిపోయినట్టుంటుంది. సెలవు పెట్టుకున్నారు, ఇంట్లోవాళ్ళని ఒప్పించారు, స్నేహితులందరికీ చెప్పేశారు. పైగా "ఏమైంది, భయపడ్డావా" అని అడిగేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. మానేసేవాళ్ళలో చాలామంది ఓడిపోయి మానేయరు, అసలు మ్యాచే జరగక మానేస్తారు. అందుకే క్యాలెండర్‌లో తేదీ చుట్టూ గుండ్రం చుట్టి దాని మీదే బతకడం నాకు నచ్చదు. తేదీ మన చేతిలో లేదు. తేదీ ఉన్నా లేకపోయినా జరిగే పని ఏదో ఒకటి పెట్టుకోవాలి, అంటే నాలుగు వారాల్లో ఎడమవైపు తిరగడం, ఆ తర్వాత నాలుగు వారాలు పొట్టకి కొట్టడం, అలా. మ్యాచ్ దొరికితే దానికి వాడుకుంటారు, దొరక్కపోతే వచ్చేదానికి ఉంటుంది. కాల్ వచ్చిన రోజు మాత్రం తిట్టుకోండి, ఆ హక్కు మీకుంది.

సరే, మ్యాచ్ జరిగి ఓడిపోయారనుకుందాం. "ఓడిపోయాను" అనే ఒక్క మాటలో మొత్తం పడేయొద్దు, ఎందుకంటే స్కోరింగ్ అలా ఉండదు. ఒక్కో రౌండ్ గెలిచినవాళ్ళకి 10, ఓడినవాళ్ళకి 9 లేదా అంతకంటే తక్కువ, జడ్జిలు ఒక్కొక్కరూ విడివిడిగా వేస్తారు. చూసేది గట్టిగా, శుభ్రంగా, లక్ష్యం మీద తగిలిన దెబ్బలు, ఆటని ఎవరు నడిపించారు, ఎవరు చివరిదాకా పోటీ ఇచ్చారు అన్నది. మూడు రౌండ్లలో మొదటిది పోయి మిగతా రెండూ దగ్గర దగ్గరగా సాగితే మీ సమస్య ఆరంభం. మొదటిది గెలిచి తర్వాత రెండూ పోతే అది పైన చెప్పిన ఊపిరి, టెన్షన్ సంగతి. ఈ రెండిటికీ చేయాల్సిన ట్రైనింగ్ వేరు. వీడియో ఉంటే అదే రాత్రి చూడొద్దు, ఒంట్లో వేడి తగ్గాక, ఓ నాలుగైదు రోజులకి చూడండి, అదీ సౌండ్ ఆపేసి. మనవాళ్ళు వేసే కేకలు వింటుంటే మనం వేసిన ప్రతి పంచ్ తగిలినట్టే ఉంటుంది, సౌండ్ తీసేస్తే వాటిలో సగం ఎదుటివాళ్ళ గ్లవ్స్ మీద పడ్డాయని కనిపిస్తుంది. ఆ సగం ఎందుకు పడ్డాయో కాగితం మీద రాసుకుని వచ్చే సోమవారం కోచ్ చేతిలో పెట్టండి.