400 ఇళ్లు అడిగితే జిల్లా సంగతి తెలుస్తుందా? ఎకనామిక్స్ పరిశోధన మీద తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: "యూనివర్సిటీ ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ అంటే ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి అంకెలు దించుకుని సాఫ్ట్‌వేర్‌లో మీట నొక్కడం. సర్వే అంటే 400 ఇళ్లు అడిగి 35 లక్షల మంది గురించి తీర్పు చెప్పడం. థీసిస్ అంటే కాపీ. వీటివల్ల మన ఊళ్లకు ఒరిగిందేమీ లేదు." పీజీలో ఏం చదవాలా అని ఆలోచిస్తున్న పిల్లలు కూడా ఉన్న గ్రూపులివి. ఇది చదివి ఒకరు వెనక్కి తగ్గినా నష్టమే. అందుకని ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

"అంకెలు దించుకుని మీట నొక్కడమే"

మీట నొక్కేది చివర్లో, అదీ కొన్ని సెకన్ల పని. అసలు శ్రమంతా అంతకుముందే అయిపోతుంది.

కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో 2,61,953 ఇళ్ల వివరాలున్నాయి. పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మెసేజ్ రాసినవారి ఊహ అక్కడే ఆగిపోయింది. పాత ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) రౌండ్ల, అంటే విడతల, ఫైలు తెరిచి చూడండి. పట్టిక కనబడదు, ఖాళీల్లేని అంకెల వరసలు కనబడతాయి. ఎన్నో స్థానం నుంచి ఎన్నో స్థానం దాకా ఏ వివరం ఉందో చెప్పే లేఅవుట్ పక్కన పెట్టుకుని వాటిని కోసుకోవాలి. ఒక్క స్థానం తప్పితే ఇంట్లో ఉన్న 5గురు కాస్తా 50 మంది అవుతారు. ఇంటి వివరాలు ఒక ఫైల్లో, మనుషుల వివరాలు ఇంకో ఫైల్లో, ఖర్చు పద్దులు మరోదాంట్లో ఉంటాయి. వీటిని కలిపేటప్పుడు గ్రామం నంబరు, ఉపభాగం, స్తరం, ఇంటి నంబరు అన్నీ సరిపోవాలి. ఒకటి మరిచిపోతే ఒకే ఇల్లు నాలుగైదుసార్లు లెక్కలోకి వస్తుంది, సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు.

ఆ తర్వాత బరువులు. ప్రతి ఇంటికీ మల్టిప్లయర్ అని ఒక అంకె ఉంటుంది, ఆ ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున నిలబడిందో అది చెబుతుంది. చాలా రౌండ్లలో దాన్ని ఒక సందర్భంలో 100తో, మరో సందర్భంలో 200తో భాగించాలి. ఏది ఎప్పుడో ఆ రౌండు సూచనల్లో ఉంటుంది. బరువు వేయకుండా సగటు తీస్తే, స్తోమతున్న ఇళ్లను వాటి వాటాకు మించి ఎంచుకున్న రౌండ్లలో ఊరు ఉన్నదానికంటే సంపన్నంగా కనిపిస్తుంది.

అందుకే బాగా నడిచే విభాగాల్లో మొదటి పని సొంత ప్రశ్న కాదు, ప్రభుత్వం ఇప్పటికే అచ్చువేసిన అంకెను తిరిగి రాబట్టడం. పైన చెప్పిన సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996. మీ లెక్కలో అవి రాకపోతే ఎక్కడో కోత తప్పింది. అది దొరికేదాకా రెండో అడుగు వేయకూడదు.

ఇలా తిరిగి రాబట్టే పనిని తక్కువ చేసి చూడొద్దు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు ఒక లెక్క చెప్పారు: అప్పు జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని. ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలని వాదించిన నాయకులు దాన్ని పదేపదే చూపించారు. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హర్స్ట్ ఎకనామిక్స్ విభాగంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి క్లాసు పనిలో భాగంగా ఆ లెక్కను తిరిగి చేయబోయాడు. రాలేదు. అసలు ఎక్సెల్ ఫైలు తెప్పించి చూస్తే సగటు తీసిన గడుల్లో 5 దేశాలు బయటే ఉండిపోయాయి. కొన్ని సంవత్సరాల అంకెలూ చేరలేదు, దేశాలకు బరువులు వేసిన తీరు మీదా అభ్యంతరాలు వచ్చాయి. తన ఇద్దరు ఆచార్యులతో కలిసి సరిచేస్తే వచ్చిన సగటు ప్లస్ 2.2 శాతం.

"400 ఇళ్లతో 35 లక్షల మంది సంగతి చెప్పడం మోసం"

35 లక్షలు అన్నది గంజాం జిల్లా జనాభా, 2011 జనగణనలో 35,29,031. ఇంతమందికి 400 ఏం సరిపోతుంది అన్న అనుమానం సహజమే. కానీ లెక్క అలా నడవదు. సగం మంది అవును, సగం మంది కాదు అనే అత్యంత అనిశ్చిత పరిస్థితిలో, 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూగా తెలియాలంటే కావలసింది 384 మంది. జనాభా 35 లక్షలైనా 3 కోట్లైనా అదే 384. 2,000 మంది ఉన్న ఒక్క ఊరికైతే సుమారు 322. ఊరు చిన్నదైనా నమూనా పెద్దగా తగ్గదు, జిల్లా పెద్దదైనా పెరగదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మాట ఇక్కడ సగమే పనికొస్తుంది. కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి. ఛత్రపురం పక్క ఊరికీ, కొండ కింద ఊరికీ మంట ఒకటి కాదు. ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు: అదే చెరువు, అదే సంత, అదే మేస్త్రీ. కాబట్టి ఒకే ఊళ్లో పదహారో ఇల్లు అడిగితే కొత్తగా తెలిసేది తక్కువ. పోలికే లేకపోతే 0, ఊరంతా ఒకేలా ఉంటే 1 అనే కొలతలో ఈ పోలిక 0.1 ఉందనుకుందాం. 24 ఊళ్లలో 16 చొప్పున 384 ఇళ్లు అడిగితే, అవి విడివిడిగా ఎంచుకున్న 154 ఇళ్లతో సమానం. 5 శాతం అనుకున్న తేడా దాదాపు 8 అవుతుంది. అవే 384 ఇళ్లను 48 ఊళ్లలో 8 చొప్పున అడిగితే 226 ఇళ్ల బలం వస్తుంది. ఖర్చంతా బస్సు చార్జీల్లోనూ తిరిగే రోజుల్లోనూ పెరుగుతుంది. పరిశోధకుడి బడ్జెట్ ఆ బేరం దగ్గరే తేలుతుంది. ఊళ్ల సంఖ్య చెప్పకుండా "384 తీసుకున్నాం, సూత్రం ప్రకారం సరిపోయింది" అని రాసే థీసిస్‌లు ఉన్నాయి. వాటిని మెసేజ్ తప్పుపట్టి ఉంటే మేమూ ఒప్పుకునేవాళ్లం.

సంఖ్య కంటే పెద్ద ప్రమాదం ఏ ఇల్లు అన్నది. 2011 జాబితా పాతబడింది, అందుకని ఊళ్లోకి వెళ్లగానే వీధివీధీ తిరిగి ఇళ్లన్నిటికీ కొత్త జాబితా రాయాలి, తాళం వేసిన ఇళ్లతో సహా. 176 ఇళ్లు ఉండి 16 కావాలంటే 11 ఇళ్లకొకటి. 1 నుంచి 11 లోపల చీటీ తీస్తే 7 వచ్చిందనుకోండి: 7, 18, 29 అలా 172 దాకా. ఇప్పుడు 29వ ఇంటికి తాళం ఉంది. పక్కింటివాళ్లు అరుగు మీదే కూర్చుని ఉన్నారు, అడిగితే చెబుతారు కూడా. అడగకూడదు. గంజాంలో తాళం వేసిన ఇల్లంటే చాలాసార్లు సూరత్ మగ్గాలకు పోయిన కుటుంబం. దాని బదులు పక్కిల్లు రాసుకుంటే వలస మీద చేసే సర్వేలోంచి వలసపోయినవాళ్లే జారిపోతారు. వేరువేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి, అప్పటికీ లేకపోతే "దొరకలేదు" అనే రాయాలి, ఎన్ని దొరకలేదో అధ్యాయంలో చెప్పాలి.

ఇల్లంటే ఎవరన్నదీ ముందే తేల్చుకోవాలి. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక ఇల్లు. ఏడాదిలో ఎక్కువ భాగం సూరత్‌లో ఉండే కొడుకు ఆ లెక్కలోకి రాడు, అతను పంపే డబ్బు మాత్రం వస్తుంది. తలసరి ఖర్చు తీసేటప్పుడు ఈ సంగతి మరిస్తే ఆ ఇల్లు ఉత్తపుణ్యానికి ధనికుల వరసలోకి ఎక్కుతుంది.

ఇక కొలతలు. ఈ సరిహద్దులో సర్వేలు ఎక్కువగా బోర్లా పడేది ఇక్కడే. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠాలు, అంటే గుంఠం 4 సెంట్లు. తెలంగాణ, మహారాష్ట్రల్లో ఎకరానికి 40 గుంటలు, అంటే రెండున్నర సెంట్లు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు సెంట్లలోనే చెబుతారు. 20 గుంఠాల మడిని 0.8 ఎకరం అని రాయాల్సింది, ఎక్కడో చదివిన 40 గుర్తుంచుకుని 0.5 అని రాస్తే, అదే ధాన్యానికి ఎకరా దిగుబడి 60 శాతం పెరిగిపోతుంది. చిన్న రైతు పెద్ద రైతుకంటే ఎక్కువ పండిస్తున్నాడని ఆ తర్వాత ఒక సిద్ధాంతం కూడా పుట్టుకొస్తుంది. బియ్యం సంగతీ అంతే. 4 సోలలు మానిక, 4 మానికలు కుంచం అని పుస్తకం చెబుతుంది. ఇంట్లో వాడేది మాత్రం అంచు నొక్కుకుపోయిన పాత డబ్బా. దాన్ని వాళ్లచేతే ఎప్పటిలా నింపించి, సంచిలో పోసి, చేతితూకానికి తగిలించి కిలోల్లో రాసుకోవాలి. గోపురంగా పోస్తారా, చేత్తో చదును చేస్తారా అన్నదీ చూడాలి.

భాష గురించి ఒక్కమాట. ఒడియాలో రాసిన ప్రశ్నను తెలుగింట్లో అప్పటికప్పుడు తిప్పి అడిగితే ప్రతి పరిశోధకుడి నోట ఒక్కో ప్రశ్న అవుతుంది. ముందే తెలుగు చేయించి, ఇంకొకరిచేత మళ్లీ ఒడియాలోకి తిప్పించి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. సవర ఇళ్లకూ అంతే.

"థీసిస్ అంటే కాపీ"

కాపీలు ఉన్నాయి. వాటిని పట్టే నియమాలూ ఉన్నాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే 6 నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో కలిపి కనీసం 3 ఏళ్లు పడుతుంది.

అయితే సాఫ్ట్‌వేర్ పట్టేది మాటల కాపీనే. ఊరికి పోకుండా ఇంట్లో కూర్చుని నింపిన ప్రశ్నపత్రాలను అది పట్టదు. వాటిని పట్టేది అనుభవమున్న గైడు. పల్లెల్లో వయసు అడిగితే 40, 45, 50 అనే జవాబులు గుట్టలు పడతాయి. కల్పించినవాడు 43, 47, 52 అని సమంగా పరుస్తాడు. అంకెలు మరీ నున్నగా ఉంటేనే అనుమానించాలి. గంట పట్టాల్సిన ఇంటర్వ్యూ ఫోన్‌లో 9 నిమిషాల్లో ముగిసినట్టు కనిపిస్తే, లేదా ఒకేచోట నిలబడి 6 ఇళ్లు నింపినట్టు జీపీఎస్ చెబితే, ఆ ఊరికి మనిషిని మళ్లీ పంపాలి. పదిళ్లకొకటి చొప్పున ఇంకొకరు వెళ్లి నాలుగైదు మారని ప్రశ్నలు, ఇంట్లో ఎందరు, ఎన్ని ఎడ్లు వంటివి, తిరిగి అడిగి చూసుకోవడం మంచి అలవాటు.

"మన ఊళ్లకు ఒరిగిందేమీ లేదు"

గజపతి జిల్లాను తీసుకోండి. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. 1991, 2001 అంకెలు పక్కపక్కన పెట్టి "గంజాంలో ఇలా తగ్గింది" అనేవారికి ఆ విభజన గుర్తుచేసేది ఈ పరిశోధనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతిని దెబ్బతీసింది. ఆ ఏడాదిని ఆధారంగా పెట్టుకుని తర్వాతి ఏళ్లలో ఆదాయం పెరిగిందని ఎవరైనా చూపిస్తే, అందులో ఎంత అభివృద్ధో, ఎంత ఉత్త కోలుకోవడమో విడదీసి చెప్పాల్సింది వీళ్లే. పథకం పనిచేసిందా లేదా అన్న తీర్పు ఆ విడదీయడం మీదే నిలబడుతుంది.

ఆమోదం పొందిన థీసిస్‌లను శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారంలో ఉచితంగా చదవచ్చు. జిల్లా పేరు కొట్టి వెతకండి. ముగింపు అధ్యాయం పక్కన పెట్టి ముందు పద్ధతి అధ్యాయం తెరవండి: ఎన్ని ఊళ్లు, ఊరికి ఎన్ని ఇళ్లు, తాళం వేసిన ఇళ్లను ఏం చేశారు, గుంఠాన్ని ఎన్ని సెంట్లుగా లెక్కగట్టారు. ఈ నాలుగూ రాసి ఉంటే పట్టికల దగ్గరికి వెళ్లండి. లేకపోతే ఏది లేదో రాసి ఆ విభాగానికి ఉత్తరం పంపండి. రేపు మీ ఇంటికే ప్రశ్నపత్రం పట్టుకుని ఎవరైనా వస్తే విభాగం ఇచ్చిన పత్రం అడిగి చూడండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ ఏ ఎకనామిక్స్ సర్వేకీ అక్కర్లేదు. బియ్యం ఎన్ని అని అడిగితే కిలోల్లోకి మార్చి చెప్పే శ్రమ మీరు తీసుకోవద్దు. ఇంట్లో డబ్బా తెచ్చి వాళ్ల ముందు పెట్టండి.