ఆస్పత్రిలో చేరితేనే జబ్బా?

శ్రావణమాసం వచ్చిందంటే మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ ఇంటి ముందు చెప్పుల వరుస కనబడుతుంది. పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చెప్పులు లేవు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కిటికీకి అడ్డంగా దుప్పటి కట్టారు. కుట్టుమిషన్ పక్కన చాప మీద ఆవిడ పడుకుని ఉంది. నుదుటి చుట్టూ చున్నీ బిగించి ముడివేసుకుంది, తల దగ్గర చిన్న బకెట్టు పెట్టుకుంది. పొద్దున్నుంచి మూడుసార్లు వాంతి అయిందట. పక్కింట్లో కుక్కర్ కూత వేస్తే ఆ చప్పుడుకు ఆవిడ మొహమంతా ముడుచుకుపోయింది. "రేపే ముహూర్తం అక్కా, పెళ్లివాళ్ల ఆరు జాకెట్లకు ఇంకా హుక్కులు కుట్టాలి" అని కళ్లు తెరవకుండానే అంది.

ఆవిడకు ఉన్నది మైగ్రేన్ అని తేలడానికి నాలుగేళ్లు పట్టింది. మొదట చూపులో లోపమన్నారు, కళ్లద్దాలు వచ్చాయి. తర్వాత సైనస్ అన్నారు. రెండు దఫాలు యాంటీబయాటిక్స్ మింగించారు, ముక్కులో చుక్కలు వేయించారు. నొప్పి తగ్గకపోయేసరికి మెదడులో గడ్డేమోనన్న భయం పట్టుకుంది. ఒకచోట సీటీ స్కాన్, ఆరు నెలలకు మరోచోట ఎమ్మారై తీయించుకుంది. రెండింటిలోనూ ఏమీ లేదని వచ్చింది. ఆ స్కాన్ల కోసం తాకట్టు పెట్టిన చెవిదిద్దులు ఇంకా విడిపించుకోలేదు. పైగా "రిపోర్టులో ఏమీ లేదుగా, ఊరికే పడుకుంటుంది" అనే మాట ఇంట్లో మొదలైంది. నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టిందని నాతో చెప్పింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మామూలు మైగ్రేన్‌ను గుర్తుపట్టడానికి స్కాన్ అవసరం లేదు. వైద్యుడు పది నిమిషాలు కూర్చుని అడిగితే చాలు. నొప్పి ఎంతసేపు ఉంటుంది, తలకు ఒక పక్కే వస్తుందా, నాడి కొట్టుకున్నట్టు ఉంటుందా, మెట్లెక్కితే పెరుగుతుందా, వికారం ఉంటుందా, వెలుతురూ చప్పుడూ భరించలేకపోతున్నారా? మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల దాకా సాగే ఈ నొప్పికి గ్రీకులు పెట్టిన పేరుకు 'సగం తల' అని అర్థం. అందులోంచే మైగ్రేన్ అనే మాట వచ్చింది. మన పెద్దలు పార్శ్వపు నొప్పి అన్నారు. ఎవరి భాషలో వాళ్లు ఒకే సంగతి గమనించారన్నమాట. అయితే రెండు పక్కలా వచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి పేరును మరీ పట్టుకుని కూర్చోకూడదు.

సైనస్ పేరుతో తిరిగే మైగ్రేన్ సంగతి మన దగ్గరే కాదు. తమకు సైనస్ తలనొప్పి ఉందని నమ్ముతున్న, లేదా వైద్యులు అలా చెప్పిన 2,991 మందిని అమెరికాలో పరీక్షిస్తే వారిలో 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పి అని 2004లో తేలింది. మైగ్రేన్ వచ్చినప్పుడు కొందరికి ముక్కు దిబ్బడ వేస్తుంది, కళ్ల వెంట నీళ్లు కారతాయి. అందుకే ఈ పొరపాటు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కూడా కాదు. పక్కనున్న కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన అధ్యయనంలో 18 నుంచి 65 ఏళ్ల వారిలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవారు 25.2 శాతమని లెక్క తేలింది. అంటే నలుగురిలో ఒకరు. మగవారి కన్నా ఆడవారిలో ఎక్కువ. ప్రాణం తీయదు గనుక ఎవరి లెక్కలోకీ రాదు. కానీ మనిషి బతికి ఉండగా పనికి దూరమైన కాలాన్ని కొలిస్తే, ప్రపంచంలో మైగ్రేన్ ముందు వరుసలో ఉంటుంది.

మరి ఈ నాలుగేళ్లలో ఆవిడ ఇంట్లో ఉన్న ఆరోగ్య కార్డు ఏం చేసింది? ఏమీ చేయలేదు, చేయడానికి వీలూ లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సల కోసం పొలాలు అమ్ముకోవలసిన గతిని ఎన్నో కుటుంబాలకు తప్పించింది. దాని విలువ తగ్గించి మాట్లాడటం అన్యాయం. 2023 చివరికి దాని పరిమితిని తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. 2018లో వచ్చిన కేంద్ర ఆయుష్మాన్ భారత్ పథకం ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా చికిత్స ఖర్చు భరిస్తుంది. అయితే ఇవన్నీ ప్రధానంగా మనిషి ఆస్పత్రిలో చేరినప్పుడు కదిలే డబ్బు. మైగ్రేన్ రోగి ఆస్పత్రి మంచం ఎక్కడు, ఇంట్లో చాప మీదే పడుకుంటాడు. ఓపీ చీటీ, బయట మందుల షాపు బిల్లు, పోయిన కూలి ఈ పథకాల్లో పట్టవు. లక్షల పరిమితి ఉన్న కార్డు ఇంట్లో ఉండగానే కొన్ని వేల రూపాయల దగ్గర మనిషి చితికిపోతున్నాడు.

ఇందుకు భిన్నమైన ఏర్పాటు మన దేశంలోనే ఉంది. ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా కింద ఉన్న కార్మికుడు డిస్పెన్సరీకి వెళ్లి ఓపీ చూపించుకోవచ్చు, మందులు తెచ్చుకోవచ్చు. జబ్బు సెలవు పెడితే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా అందుతుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం, నమోదైన సంస్థలో ఉద్యోగం ఉండాలి. ఇంట్లో మిషన్ తొక్కేవారికి, మిర్చి కోతకు వెళ్లేవారికి, నాలుగిళ్లలో పని చేసుకునేవారికి అందులో చోటు లేదు.

విచిత్రం ఏమిటంటే ఈ జబ్బుకు ముందువరుస మందులు ఖరీదైనవి కావు. 1960ల మొదట్లో గుండె నొప్పి కోసం జేమ్స్ బ్లాక్ ప్రొప్రనలాల్ తయారుచేశారు. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. ఆ మందు వేసుకుంటున్న వారిలో మైగ్రేన్ కూడా తగ్గుతోందని 1966లో అనుకోకుండా బయటపడింది. దాని పేటెంట్ ఎప్పుడో తీరిపోయింది. నొప్పి రాకుండా ఆపడానికి ఇప్పటికీ వైద్యులు ముందుగా తలిచే మందుల్లో అది ఒకటి. అమిట్రిప్టిలిన్ కూడా అలాంటి పాత, చవక మందే. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ పనికిరాదు. ఇదే పనికి వాడే వాల్‌ప్రోయేట్ గర్భిణులకు, గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి ప్రమాదం. కాబట్టి ఇవి వైద్యుడు చూసి రాయవలసిన మందులే. పైగా వీటి గుణం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక, పది రోజులు వేసుకుని "పని చేయలేదు" అని మానేసినవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు. కొత్తగా వచ్చిన ఇంజెక్షన్ల ధరలు వేలల్లో ఉంటాయి, నిజమే. కానీ మనవాళ్లలో చాలామంది ఆ మెట్టు దాకా వెళ్లి ఆగిపోవడం లేదు, మొదటి మెట్టే ఎక్కలేదు.

మందు చవక, చెప్పే మనిషి కరువు. ఆ ఖాళీని మందుల షాపు నింపుతోంది. "తలనొప్పికి ఇవ్వండి" అనగానే కౌంటర్ వెనకాయన కత్తెర తీసి షీటులోంచి నాలుగు బిళ్లలు కత్తిరిస్తాడు, తోడుగా గ్యాస్ బిళ్లలు రెండు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ అసలే ఉండదు. వేసుకున్నది పారాసిటమాలో, ఎర్గోటమిన్ కలిసిన బిళ్లో కొన్నవారికి తెలియదు. ఎర్గోటమిన్ రక్తనాళాలను బిగిస్తుంది, గర్భిణులూ గుండెజబ్బు ఉన్నవారూ తాకకూడదు. మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, మిశ్రమ బిళ్లలూ ట్రిప్టాన్లూ (మైగ్రేన్ వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి వేసుకునే మందులు) 10 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ, మూడు నెలలకు మించి వాడితే ఆ మందుల వల్లే కొత్త తలనొప్పి పుట్టవచ్చు. అప్పుడు నొప్పికి బిళ్ల, బిళ్లకు నొప్పి అన్నట్టు తిరుగుతూనే ఉంటారు. మా జాకెట్ల ఆవిడ ఒక దశలో నెలలో ఇరవై రోజులు బిళ్ల మింగింది.

అందుకే చేతిలో డబ్బు లేనివారికి నేను మొదట చెప్పేది గోడ మీది క్యాలెండర్ గురించి. నొప్పి వచ్చిన రోజు తేదీ మీద ఒక గీత, బిళ్ల వేసుకుంటే పక్కన ఒక చుక్క. రెండు నెలల క్యాలెండర్ కాగితాలు చింపి పట్టుకెళ్తే ఏ వైద్యుడికైనా స్కాన్ కన్నా ఎక్కువే తెలుస్తుంది. నొప్పి బిళ్ల అవసరమైన రోజున తట్టుకోలేనంత అయ్యాక కాకుండా మొదలవుతుండగానే వేసుకోవాలి. ఖాళీ కడుపు, నిద్ర చెడటం, ఎండ చాలామందికి నొప్పిని రేపుతాయి. మన ఇళ్లలో అందరూ తిన్నాక మూడు గంటలకు తినేవారు ఎవరో వేరే చెప్పాలా? వారంలో రెండు ఉపవాసాలు చేసే తల్లులు ఈ ఒక్క విషయంలో దేవుణ్ణి క్షమించమని అడిగి వేళకు తినాలి. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు చీటీ మీద రాయించుకుంటే జన్ ఔషధి కేంద్రంలో తక్కువ ధరకు దొరకవచ్చు. ఈ-సంజీవని ద్వారా ఫోనులో ప్రభుత్వ వైద్యులతో ఉచితంగా మాట్లాడవచ్చు. కానీ ఒక్కసారిగా పిడుగు పడినట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, కాన్పు ముందూ తర్వాతా వచ్చే తీవ్రమైన నొప్పి ఉంటే క్యాలెండర్ సంగతి పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ప్రభుత్వాన్ని అడగవలసింది కొత్త కార్డు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానాలో ఉండే వైద్యులకు తలనొప్పి గురించి రెండు రోజుల శిక్షణ, అక్కడి బీరువాలో ఒకటి రెండు నివారణ మందుల నిల్వ, బీపీ షుగర్ మందుల్లా నెలనెలా ఇంటి దగ్గర అందే ఏర్పాటు. ఆశా కార్యకర్త బీపీ గురించి అడిగేటప్పుడు "నెలలో ఎన్ని రోజులు తలనొప్పితో పడుకుంటున్నారు?" అనే ప్రశ్న కూడా అడిగితే, ఇన్నాళ్లూ లెక్కలోకి రానివాళ్లు ఎంతమందో బయటపడతారు.

జాకెట్ల ఆవిడకు చివరికి ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఓపిగ్గా విన్న వైద్యురాలు దొరికారు. ప్రొప్రనలాల్ మొదలుపెట్టి మూడు నెలలైంది. శ్రావణం కాగితం మీద పదకొండు గీతలుంటే, కార్తీకం కాగితం మీద నాలుగే ఉన్నాయి. మందు మాత్రం పదిహేను రోజులకు సరిపడానే ఇస్తారు. అందుకని పదిహేను రోజులకోసారి మిషన్ మీద గుడ్డ కప్పి, రెండు బస్సులు మారి వెళ్లి, మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడి, సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఆ రోజు కుట్టుకూలి ఉండదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్లాలి.