మైకు చేతికొచ్చాక తొందరెందుకు?

వక్తలకు పాఠాలు చెప్పేవాళ్లంతా ఒకటే నస: క్లుప్తంగా మాట్లాడండి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి, వాళ్ల కష్టసుఖాలు తెలుసుకోండి. శ్రోతలకు ఇంత గారాబం పనికిరాదు. తలుపు వెనకెక్కడో ఉంది, లేచి వెళ్తే పదిమందీ చూస్తారు. వక్తకూ శ్రోతకూ ఇంతకన్నా గట్టి అనుబంధం ఏం కావాలి?

లింకన్ సంగతే చూడండి. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో సైనికుల శ్మశానవాటిక అంకితోత్సవంలో ఆనాటి పేరుమోసిన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు దంచాడు. ఆ తర్వాత లేచిన లింకన్ సుమారు 270 మాటలు మాట్లాడి రెండు మూడు నిమిషాల్లో ముగించాడు. మనవాళ్లకు గొంతు సవరించుకోడానికే అంత టైమ్ పడుతుంది! పైగా మర్నాడు ఎవరెట్, మీరు రెండు నిమిషాల్లో అందుకున్న అసలు విషయానికి నేను రెండు గంటల్లో దగ్గరికైనా రాగలిగితే సంతోషమేనంటూ ఆయనకు ఉత్తరం రాశాడు. ఇంటిగుట్టు ఇలా బయటపెట్టుకుంటారా ఎవరైనా?

సబ్జెక్టు తెలియదని టెన్షన్ పడకండి. మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా గొంతూ ముఖకవళికలేనని శిక్షకులు చెబుతూనే ఉన్నారు. ఆ లెక్క 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ ప్రయోగాల్లోంచి వచ్చింది. ఇష్టాయిష్టాలు చెప్పేటప్పుడు మాటకూ ముఖానికీ పొంతన లేకపోతే జనం దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. దాన్ని అన్నిటికీ అంటగట్టొద్దని ఆయనే అన్నాడు. అననివ్వండి. 93 శాతం ప్రిపరేషన్ తప్పుతుంటే కాదనడానికి ఆయనెవరు?

అసలు అస్త్రం వేరే ఉంది: ‘చివరిగా ఒక్క మాట.’ అనగానే ముందు వరుసలో ఒకాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. వెనక ఎవరో కుర్చీ కింద చెప్పుల కోసం కాలితో తడుముకుంటారు. ఫోన్లలోంచి తలలు లేస్తాయి. గంటలో మొదటిసారి సభంతా మీ మాట కోసం చెవులు రిక్కించింది! ఇలాంటి ఏకాగ్రతను వదులుకునేవాడు వక్తే కాదు. వెంటనే ‘ఈ సందర్భంగా నా చిన్ననాటి సంఘటన ఒకటి...’ అని అందుకోవాలి. మధ్యలో అదేపనిగా చప్పట్లు మోగితే ఇంకా కావాలంటున్నారని అర్థం.

ఆదర్శమంటే విలియం హెన్రీ హారిసన్. 1841 మార్చి 4న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తూ, అంత చలిలో ఓవర్‌కోటైనా లేకుండా, ఎనిమిది వేలకు పైగా మాటలతో దాదాపు రెండు గంటలు మాట్లాడాడు. సరిగ్గా నెలకు పోయాడు. ఆ చలికీ ఆయన చావుకీ సంబంధం లేకపోవచ్చని ఈ కాలపు డాక్టర్లు కొందరంటారు. నిజమే అయ్యుంటుంది. సుదీర్ఘ ప్రసంగం వల్ల వక్తకు హాని జరిగిన దాఖలా ఇంకెక్కడా కనబడదు మరి.