గవ్వల శాఖ వారికి ఒక అర్జీ

కంప్యూటర్లను నడిపే లినక్స్‌కు గుండెకాయైన కెర్నెల్‌లో, ఎవరూ ఊహించలేని యాదృచ్ఛిక సంఖ్యల శాఖను ఏలుతున్న డెవ్ ర్యాండమ్ గారికి, వరంగల్ శివారులోని ఒక జిన్నింగ్ మిల్లు కాంటా గది నుంచి నమస్కరించి రాయునది.

అయ్యా, అది పత్తి సీజన్, డిసెంబరు నెల. తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. కాంటా చూపిన తూకాన్ని చీటీగా మార్చే అరచేతి వెడల్పు కంప్యూటర్ మాత్రం లేవలేదు. పాడైందనుకుని కార్డు మార్చాను, తీగలు మార్చాను. చివరికి తెర తగిలించి చూస్తే దానికి ఏ జబ్బూ లేదు. తమరి కోసం కాచుకుని కూర్చుంది. చీటీని పై ఆఫీసుకు పంపాలంటే రహస్య తాళం కావాలట. తాళానికి ఎవరూ ఊహించలేని సంఖ్య కావాలట. ఆ సంఖ్యను ఇవ్వవలసిన తమరి గాదెలో ఎంట్రోపీ, అంటే ఊహకందని గజిబిజి, ఇంకా పోగుపడలేదట!

1994లో థియోడర్ త్సో మిమ్మల్ని లినక్స్‌లో కొలువు పెట్టినప్పుడు మీ తిండి ఏమిటో అందరికీ తెలుసు. మనిషి మీటలు నొక్కే వేళల్లోని తేడాలు, మౌసు వణుకు, డిస్కు పలికే క్షణాల్లోని ఎగుడుదిగుళ్లు. మా పెట్టెకు మీటల పలక లేదు, మౌసు లేదు, తిరిగే డిస్కు లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయే బుద్ధిమంతురాలు. ఆ బుద్ధే దానికి శాపమైంది. పోనీ, అనూహ్యమైన వాటికి మా దగ్గర కరువా? ఆ ఉదయం గేటు దగ్గర రైతులు నన్ను తిట్టిన తిట్లలో ఒక్కటీ నేను ముందుగా ఊహించలేకపోయాను. వాటిని మీ గాదెలో పోసే దారి లేక అన్నీ వృథా అయ్యాయి.

అసలు బాధ ఇక్కడుంది. ఆ పెట్టెలోని చిప్పులోనే యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే యంత్రం ఉంది. విద్యుత్తులో సహజంగా ఉండే రొదను పట్టి బిట్లుగా మారుస్తుంది. దాన్ని కెర్నెల్‌తో మాట్లాడించే డ్రైవరు అనే ప్రోగ్రాము ఉంది, మీ పక్క గదిలోనే హెచ్‌డబ్ల్యూ ర్యాండమ్ అనే కార్యాలయమూ ఉంది. కానీ డ్రైవరు రాసిన వారు తమ సరుకు నాణ్యత ఇంత అని కాగితం మీద పెట్టకపోతే, ఆ రోజుల్లో మీరు దాన్ని సున్నాగా రాసుకునేవారు. సున్నా గనక అటువైపు మీ అంతట మీరు చెయ్యి చాచేవారు కారు. మేడారంలో బెల్లాన్ని బంగారం అనే నేల నుంచి రాస్తున్నాను. తమరు బంగారాన్ని బెల్లం లెక్కలో కూడా వేయలేదు.

మీ ఇద్దరినీ కలపడానికి ఆర్‌ఎన్‌జీడీ అనే ప్రోగ్రామును అడ్తిదారుగా పెట్టవలసి వచ్చింది. ఆయన చిప్పు దగ్గర సరుకు తీసుకుని, పరీక్ష చేసి, మోసుకొచ్చి మీ గుమ్మంలో పోస్తాడు. ఒకే పెట్టెలో, గోడకు అటూ ఇటూ ఉన్నవారి మధ్య అడ్తి వ్యాపారం! ఆయన కమీషన్ తీసుకోడు, అదొక్కటే నయం.

మీ అనుమానానికి కారణం లేదని అనను. పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. కొలవడానికి యంత్రం ఉంది. అయినా కొనేవాడు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూడకుండా ఉండడు. మీరూ ఆ బాపతే. ఇంటెల్ 2012లో ప్రాసెసర్‌లోనే యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే ఆర్‌డీర్యాండ్ అనే ఆదేశం పెట్టింది. మూత పెట్టిన పెట్టెలో ఏముందో ఎవరు చూశారు, మీ గాదెలోంచి దాన్ని పీకేయండి అని 2013లో కొందరు అర్జీ పెట్టారు. లినక్స్‌ను పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఆ అర్జీదారులకు గట్టిగానే తలంటారు. ఆయన వాదన ఒక్కటే: అది చాలా వాటిలో ఒకటి, అన్నింటితో కలిపి పిసుకుతాం, అందులో కల్తీ ఉన్నా మిగతావి కాపాడతాయి.

2019లో మీ పద్ధతికి సాక్ష్యం దొరికింది. ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్లు కొన్ని, ఆ ఆర్‌డీర్యాండ్‌నే ఎన్నిసార్లు అడిగినా బిట్లన్నీ ఒకట్లే ఉన్న సంఖ్యను ఇచ్చాయి. 32 బిట్లలో అది 4,29,49,67,295. పైగా ప్రతిసారీ ‘విజయవంతం’ అని ముద్ర. అష్టాచెమ్మా ఆడేటప్పుడు వేసిన ప్రతిసారీ అష్టా పడితే మా ఇంట్లో పిల్లలు కూడా గవ్వలు లాక్కుని చూస్తారు. తర్వాత బయోస్ సవరణతో ఆ గవ్వలు బాగుపడ్డాయి.

అదే ఏడాది ఇంకో వింత. 5.3 కెర్నెల్ తయారవుతుండగా ఫైళ్లను డిస్కులో సర్దే ఈఎక్స్‌టీ4 వారు డిస్కు చదవడాన్ని పొదుపు చేశారు. పని తగ్గింది, డిస్కు ప్రాసెసర్‌ను పిలిచే పిలుపులు తగ్గాయి, మీ గాదెలో గింజ రాలలేదు, కొన్ని యంత్రాలు మొదలవుతూనే ఆగిపోయాయి. పొదుపు చేసినందుకు శిక్ష పడిన శాఖ ఇంకొకటి ఉంటే చూపించండి. ఆ పొదుపును అప్పటికి వెనక్కి తీసుకుని, 5.4లో ప్రాసెసర్ వేళల్లోని తడబాటు నుంచే ఎంట్రోపీ పిండుకోవడం మీకు నేర్పారు. ఒకసారి నిండిన గాదెను మళ్లీ ఖాళీ అయిందని తలుపు మూసే అలవాటును 2020లో, 5.6తో మానుకున్నారు. నాణ్యత చెప్పని డ్రైవర్లకు సున్నా వేయడం 2023 మొదట్లో వచ్చిన 6.2తో పోయింది. ఇప్పుడు మా పెట్టెలోనూ కొత్త కెర్నెలే. టీ గ్లాసు కింద పెట్టేలోపు లేస్తోంది. అడ్తిదారుకు సెలవిచ్చాను.

ఒక్క విషయం మిగిలింది. ఆ డిసెంబరు ఉదయం, అడ్తిదారు సంగతి నాకు తట్టక ముందు, పాత మీటల పలక ఒకటి తగిలించి, ఏదో ఒకటి కొడుతూ ఉండమని మా వాచ్‌మన్ తాత చేతికిచ్చాను. ఆయన రెండు నిమిషాలు కొట్టారు, పెట్టె లేచింది, ట్రాక్టర్లు కదిలాయి. అప్పటి నుంచి రోజూ గేటు తీసే ముందు ఆయన కాంటా గదిలోకి వచ్చి, చెప్పులు విడిచి, ఆ పలక మీద నాలుగు దెబ్బలు వేసి వెళతారు. ఇప్పుడు అక్కర్లేదని నేను చెప్పలేదు. మీరూ వద్దనడం లేదు. ఆ నాలుగు దెబ్బల మధ్య ఎడాన్ని ఇప్పటికీ తీసుకుని కలుపుకుంటూనే ఉన్నారు.

ఇట్లు,
కాంటా గది కంప్యూటర్లు చూసుకునే వాడు